మూడువందల పండ్రెండు జాబులు

దూరముననున్న వారిని ఇంటివారితో గలుపునది జాబు. మా తాతల కాలమున కార్డు వచ్చినచో దానిని చదివి, చదివించుకొని, పిమ్మట చూరునకు వ్రేలాడు తీగకు గ్రుచ్చి ఏండ్ల తరబడి దాచెడివారట. నేటి జాబులకు తీగ లేదు, కాగితము లేదు. కంటికి గానరాని మార్గమున అవి క్షణములో ఖండాంతరములకు బోవుచున్నవి. అట్టి జాబులను ఒక్క సాయంకాలమున 312 మందికి పంపిన మా యనుభవమును, అందు మేము చేసిన తప్పిదమును, దానివలన నేర్చిన పాఠమును తోడి విద్యార్థులకు విన్నవింప దలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము. మేమనగా పదవ తరగతి చదువుచున్న నలుగురము, ఈ పత్రికాసంఘ సభ్యులము.

మా హోసూరు మూడు భాషల కూడలి. ఇంట తెలుగు, అంగడిలో తమిళము, నలువది కిలోమీటర్ల దూరమున నున్న బెంగుళూరికి బోవు బస్సులో కన్నడము మా చెవుల కలవాటు. మా పెద్దలు తరతరములుగా ఇచ్చటనే యుండియు తెలుగు మఱువలేదు. అయినను ఇటీవల మా బడిలో ఆఱవ తరగతి తెలుగు శాఖలో చేరువారు తగ్గుచున్నారు. "తెలుగులో చదివిన మా పిల్లవాడు రేపేమగును?" అని తలిదండ్రులు ప్రశ్నించుట మా ప్రధానోపాధ్యాయులకు ప్రతి జూను మాసమునను తప్పని పరీక్ష యయ్యెను. వారొకనాడు మమ్ము బిలిచి, "ఈ ప్రశ్నకు నేను బదులు చెప్పిన నమ్మరు. ఈ బల్లలమీద కూర్చుండి చదివి పోయినవారే చెప్పవలెను. వారిని వార్షికోత్సవమునకు బిలువుడు. రాలేనివారు రెండు మాటలు వ్రాసి పంపినను చాలును. అయితే ఒక్క మాట. అందఱికి కలిపి ఒక ప్రకటన వేయకుడు. ప్రతివారిని పేరుపెట్టి పిలువుడు" అనిరి.

మొదట పూర్వవిద్యార్థుల పట్టీపుస్తకమును తెఱచితిమి. అందు పాతవారి చిరునామాలలో సేలము జిల్లా యనియు, 1965 తరువాతి వారి చిరునామాలలో ధర్మపురి జిల్లా యనియు, 2004 తరువాతి వారి చిరునామాలలో కృష్ణగిరి జిల్లా యనియు నుండెను. ఊరు కదలకయే మూడు జిల్లాలు చూచినది. మనుష్యులన్ననో జిల్లాలనే దాటిపోయిరి. కవరునకు అయిదు రూపాయల తపాలా బిళ్ల యంటించి ఆ యిండ్లకు ఉత్తరములు పంపినచో సగము తిరిగివచ్చునని మాకు దోచెను. ఇల్లు మాఱినను మాఱనిది మెయిలు చిరునామా. కావున ఒకరినడిగి మఱియొకరి చిరునామా సంపాదించుచు, రెండు మాసములు శ్రమించి 312 చిరునామాలు గూర్చితిమి. వానిని గణకయంత్రమున ఒక పట్టికగా వ్రాసితిమి. మొదటి వరుస పేరు, రెండవది మెయిలు చిరునామా, మూడవది బడి విడిచిన సంవత్సరము.

ఇక పంపుట యెట్లు? ఒకే జాబులో అందఱి చిరునామాలు వ్రాసినచో ఒకరి చిరునామా మఱియొకరికి దెలిసిపోవును. అది మర్యాద గాదు. గుప్తప్రతిగా పంపిన చిరునామాలు దాగును గాని, పేరుపెట్టి పిలుచుట సాధ్యము గాదు. ఒక్కొక్కటిగా చేతితో పంపుదుమన్న 312 మాఱులు అదే పని చేయవలెను. మేమిట్లు తికమకపడుచుండగా, బెంగుళూరులో గణకయంత్రముల పని చేయు పూర్వవిద్యార్థి యొకరు ఆదివారము బడికి వచ్చిరి. వారిని మేము అన్నా యని పిలుతుము. వారు మా మాట విని నవ్వి, బడికి తామిచ్చిన పాత లినక్స్ యంత్రమును తెఱచి, నల్లని తెఱ నొకదానిని చూపిరి. అందు బొమ్మలు లేవు, మీటలు లేవు. ఒక చిన్న గుర్తు మాత్రము మినుకుమినుకు మనుచు మా యాజ్ఞకై వేచియున్నది. దీనిని లోకమున కమాండ్ లైన్ అందురు. మా తెలుగు పండితులు ఆజ్ఞాపంక్తి యని పేరిడిరి.

"బొమ్మల తెఱపై నీవు చూపిన పని ఒకసారి జరుగును. ఇచ్చట నీవు వ్రాసిన పని ఎన్నిసారులన్న అన్నిసారులు జరుగును" అని అన్న చెప్పిరి. ఆ మాటలోని మేలు మాకు వెంటనే తెలిసినది. కీడు తరువాత తెలిసినది.

ఈ విద్య క్రొత్తది గాదు. 1971లో వెలువడిన యూనిక్స్ మొదటి కూర్పునందే మెయిల్ అను ఆజ్ఞ యున్నది. అదే సంవత్సరమున రే టామ్లిన్సన్ అను అమెరికా దేశీయుడు ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు వలమార్గమున జాబు పంపి, మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ @ గుర్తును నిలిపెను. జాబులందుకొను యంత్రముతో మాటలాడు పద్ధతిని 1982లో జాన్ పోస్టెల్ నియమబద్ధము చేసెను. ఆ సంభాషణము వినదగినది. మేము వాడిన ఎంఎస్‌ఎంటీపీ యను సాధనమును చూపుమని కోరినచో దానిని తెఱపై చూపును. అవతలి యంత్రము 220 అని స్వాగత మిచ్చును. మనది పలుకరించి తన యూరు పేరు చెప్పును. పిమ్మట "మెయిల్ ఫ్రమ్" అని పంపువారి చిరునామాను, "ఆర్‌సీపీటీ టు" అని అందుకొనువారి చిరునామాను చెప్పును. ఒక్కొక్క మాటకు అవతలినుండి 250, అనగా సరియే, అని యుత్తరము. "డేటా" అనగానే 354, అనగా జాబు చదువుము, అని యనుమతి. జాబు ముగిసినదనుటకు ఒక పంక్తిలో ఒక్క చుక్క మాత్రము పెట్టవలెను. "క్విట్" అని సెలవు గోరిన 221 అని సాగనంపును. అట్టివారిచ్చట లేరన్నచో 550 అని ముఖముమీదనే చెప్పును. తపాలా బంట్రోతు గుమ్మము కడ నిలిచి "ఈ పేరుగలవా రున్నారా?" యని యడిగినట్లే యున్నదని మేము మురిసితిమి.

మా యేర్పాటు ఇట్టిది. జాబును ఒక ఫైలులో వ్రాసి, పేరుండవలసిన చోట ఒక గుర్తును, సంవత్సర ముండవలసిన చోట మఱియొక గుర్తును ఉంచితిమి. పట్టికనుండి ఒక్కొక్క పంక్తిని చదువుమని ఒక యాజ్ఞ. ఆ పంక్తిలోని పేరును సంవత్సరమును గుర్తుల స్థానమున నింపుటకు సెడ్ అను ఆజ్ఞ. నిండిన జాబును ఆ చిరునామాకు బంపుటకు మఱియొక యాజ్ఞ. పట్టిక ముగియువఱకు మఱల మొదటికి. అంతయు కలిపి ఏడెనిమిది పంక్తులు. దీనినే లూపు అందురు. గానుగెద్దు తిరుగుట వంటిది.

మొదట మా నలుగురి చిరునామాలతోనే పరీక్షించితిమి. ఒక్క జాబు మాత్రమే పోయినది, ముగ్గురికి రాలేదు. వచ్చిన యొక్క జాబును తెఱచి చూడగా అందు మేము వ్రాసిన మాట ఒక్కటియు లేదు. తక్కిన ముగ్గురి పేర్లును చిరునామాలును ఉన్నవి! కారణ మేమనగా, జాబున్న ఫైలును పంపు ఆజ్ఞకు అందించుట మేము మఱచితిమి. అది జాబునకై వెదకి, లూపు చదువుచున్న పట్టికనే నోట వేసికొని, మిగిలిన పంక్తులన్నియు జాబే యని మొదటివానికి బంపినది. పట్టిక తీరిపోవుటచే లూపును ఆగినది. నలుగురి పట్టిక గనుక నవ్వుకొంటిమి. అది 312 మంది పట్టిక యైనచో ఒకరి చేతిలో 311 మంది చిరునామాలు పడియుండెడివి.

రెండవ పరీక్షలో నలుగురికిని జాబులు వచ్చినవి, కాని చదువ శక్యము గాదయ్యె. పలు తెలుగు గుర్తులకు బదులుగా తలపై గీటుగల రోమను ఏకారమును, దాని ప్రక్క ఉష్ణమును దెలుపు డిగ్రీ సున్నవంటి గుర్తును, వెనుక మఱియేదో గీతయును కనబడెను. జాబుల మార్గము పూర్వము రోమను అక్షరములకై వేసినది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు కల్పించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తు మూడేసి బైట్లు పట్టును. గుణింతములును వత్తులును వేఱువేఱు గుర్తులే యగుటచే స్త్రీ యను ఒక్క యక్షరమునకు ఆఱు గుర్తులు, అనగా పదునెనిమిది బైట్లు కావలెను. ఇందలి బైట్లు తెలుగువి సుమా యని జాబు శిరస్సున చెప్పకున్న, చదువు యంత్రము ఒక్కొక్క బైటును ఒక్కొక్క రోమను గుర్తుగా భావించును. విషయపంక్తిలోని తెలుగును రోమను అక్షరములుగాను అంకెలుగాను మార్చి పంపుట పరిపాటి. ఆ మార్పునకు బేస్64 అని పేరు. మూడు బైట్లు నాలుగు గుర్తులగును. జాబు తలపై అవసరమగు పంక్తులు చేర్చిన పిమ్మట మూడవ పరీక్షలో మా తెలుగు మాకు స్వచ్ఛముగా తిరిగి వచ్చెను. ఇన్ని ద్వారములు దాటియు ఒక్క అరసున్న చెదరక వచ్చిన ఆ జాబును చూచి మా తెలుగు పండితులు సంతోషించిరి.

మర్యాదలు కొన్నియు నేర్చితిమి. 1978 మే 3వ తేదీన గ్యారీ థ్యూర్క్ అను విక్రేత తన సంస్థ గణకయంత్రములను గూర్చిన ప్రకటనను ఆర్పానెట్టు నందలి సుమారు 400 మందికి అడుగకయే పంపెను, పలువురు కోపించిరి. అడుగని జాబులను గుంపుగా పంపుటకు అదియే మొదటి దృష్టాంత మని చెప్పుదురు. కావున మా జాబు చివర, వలదన్నవారి పేరు తొలగించెదమని వ్రాసితిమి. ఉచితముగా లభించు జీమెయిల్ ఖాతానుండి దినమునకు 500 మందికి మించి పంప వీలులేదు. మన సంఖ్య దానికి లోబడినదే. ఇట్టి సాధనములకు ఖాతా యొక్క అసలు రహస్యపదము నీయక ప్రత్యేకముగా వేఱొకటి తీసికొనవలెను. దానిని దాచిన ఫైలును ఇతరులు చదువకుండ తాళము వేయవలెను. జాబునకు జాబునకు నడుమ పది సెకనులు ఆగుమని స్లీప్ అను ఆజ్ఞ నుంచితిమి. అనగా 312 జాబులకు 52 నిమిషములు.

ఆ శుక్రవారము సాయంకాలము గంట కొట్టిన పిమ్మట నలుగురమును యంత్రము చుట్టు చేరితిమి. పట్టికలోని మొదటి అయిదు జాబులను పంపక ముందే తెఱపై చదివి చూచితిమి. పేరు, చిరునామా, సంవత్సరము సరిగా నున్నవి. మీట నొక్కితిమి. పది సెకనుల కొక పేరు తెఱపై మెఱసి పైకి బోవుచుండెను. మేము పుట్టక ముందు మా బల్లలపై కూర్చున్నవారి పేర్లు వరుసగా పోవుచుండగా హాజరు పట్టీ పిలుచుచున్నట్లు తోచెను. 312వ పేరు పోయిన తరువాత చప్పట్లు చఱచి ఇండ్లకు బోయితిమి. ఆ రాత్రి మా యంత కార్యసాధకులు లేరని మా నమ్మకము.

మఱునాడు ఉదయమున వచ్చిన ప్రత్యుత్తరములలో నొకటి మైసూరునందు బ్యాంకుద్యోగము చేయు నొక పూర్వవిద్యార్థినిది. దాని నిచ్చట ఉన్నదున్నట్లు వ్రాయుటకు వారనుమతించిరి.

"పిల్లలూ, మీ ఉత్తరం అందింది. అందులో మీరు పిలిచిన పేరు నాది కాదు. ఆ పేరు గలవాడు 1987లో మా తరగతిలో నా వెనుక బల్ల మీద కూర్చునేవాడు. నాలుగేళ్ల క్రిందట చనిపోయాడు. పొద్దున్నే ఫోను తెరిచి ఆ పేరు చూసేసరికి, బడిలో వాడికివ్వవలసిన కాపీ పుస్తకం ఎవరో పొరబాటున నా చేతిలో పెట్టినట్లయింది. నాకు కోపం లేదు. కాని నాకొక సందేహం. వాడికి రావలసిన ఉత్తరం ఎవరింటికి వెళ్లింది?"

దీనిని చదివిన పిమ్మట మాలో నెవ్వరికిని మాట పెగలలేదు. పట్టికను తెఱచి చూచితిమి. 1987వ సంవత్సరమువారు 23 మంది. మాలో నొకరు ఆ తరగతివారి పేర్లను అకారాది క్రమమున నుంచ దలచి, పేర్ల వరుసను మాత్రము పట్టి క్రమపఱచిరి. చిరునామాల వరుస కదలలేదు. పేర్లన్నియు చిరునామాలనుండి విడివడి, ఒకరి పేరు మఱియొకరి యింటి ముందు నిలిచినది. ఎవరు చేసిరో వ్రాయము; నలుగురమును చూడలేదు గనుక తప్పు నలుగురిదియును. మేము పరీక్షించిన అయిదు జాబులును పట్టిక మొదటివి. తప్పు నడుమ నున్నది. యంత్రము తప్పు చేయలేదు. ఏమి వ్రాసితిమో అదే, పది సెకనుల కొకమాఱు, తొట్రుపాటు లేక చేసినది. తపాలావాడైనచో "ఈ యింట ఆ పేరువారు లేరే" యని యొక నిమిషము నిలిచెడివాడు. ఆజ్ఞాపంక్తి నిలువదు, నిజమేనా యని యడుగదు.

ఆ అమ్మగారి ప్రశ్నకు బదులు చెప్పవలసి యుండెను. మరణించిన ఆ పూర్వవిద్యార్థి పేరునకు ఎదురుగా మేము వ్రాసికొన్న చిరునామా ఆయన కుమారునిదని విచారింపగా తెలిసెను. ఆ యింటికి మఱియొకరి పేరుతో జాబు పోయినది. తండ్రి చదివిన బడినుండి వచ్చిన మొదటి జాబులో తండ్రి పేరు లేదు. మేము ప్రధానోపాధ్యాయుల కడకు బోయి జరిగినది చెప్పితిమి. వారు మమ్ము కోపింపలేదు. "23 మందికి మఱల వ్రాయుడు. ఈ మాఱు లూపు వలదు" అని మాత్ర మనిరి.

రెండు సాయంకాలములు కూర్చుండి 23 జాబులు విడివిడిగా వ్రాసితిమి. ఒక్కొక్కటి వ్రాయుటకు ముందు పట్టీపుస్తకము తీసి ఆ వ్యక్తి పేరును, తండ్రి పేరును, ఊరును చూచితిమి. ఒకరు పరుగుపందెమున బహుమతి పొందినట్లు ప్రక్కన వ్రాసియుండెను. ఆ మాట జాబులో చేర్చితిమి. మొదటి జాబున వారు మాకు పంక్తులు. రెండవ జాబున మనుష్యులైరి. కుమారునికి వ్రాసిన జాబు నాలుగు మాఱులు చింపి వ్రాసినంత పని యయ్యెను. చివరకు జరిగిన తప్పును దాపరికము లేక చెప్పి, క్షమింపుమని వేడి, మీ తండ్రిగారి పేరు మా పుస్తకమున ఈ పుటలో ఉన్నదని ఆ పుట చిత్రము జతపఱచితిమి.

వారమునకు ప్రత్యుత్తరము వచ్చెను. ఆ యువకుడు బెంగుళూరున పెరిగినవాడు. తెలుగు మాటలాడును గాని చదువ లేడు. జాబును తన తల్లిచేత చదివించుకొని వినెనట. ఆ పుటలోని తండ్రి బాల్యపు సంతకమును తానెన్నడును చూడలేదనియు, వార్షికోత్సవమునకు తల్లితో వచ్చెదననియు వ్రాసెను. వ్రాసినది రోమను అక్షరములతో, భాష తెలుగు. దానిని మేము బిగ్గఱగా చదువుకొన్నప్పుడు, తెలుగు శాఖలో పిల్లలు తగ్గుట యనగా నేమో మాకు మొదటిసారి తెలిసినది. జాబు మూడు బైట్ల చొప్పున చెదరక చేరవచ్చును. చదువువారు లేనిచో అది ఎవరికి చేరినట్లు?

వార్షికోత్సవ దినమున 28 మంది పూర్వవిద్యార్థులు వచ్చిరి. రాలేని 71 మంది రెండేసి మాటలు వ్రాసి పంపిరి. వానిని గోడపై అంటించితిమి. 19 జాబులు చిరునామా లేదని తిరిగి వచ్చినవి. తక్కినవారు మౌనము వహించిరి. అదియు వారి యిష్టము. మైసూరునుండి ఆ అమ్మగారు వచ్చి, తలిదండ్రుల యెదుట నిలిచి, తెలుగులో నేర్చిన లెక్కలే తనను బ్యాంకుదాక నడిపించినవని చెప్పిరి. సభ ముగిసిన పిమ్మట ఆమెయు, ఆ యువకుడును, అతని తల్లియు పదవ తరగతి గదిలో వెనుక బల్లమీద చాలసేపు కూర్చుండి మాటలాడుకొనిరి. మేము లోనికి పోలేదు. ఆ జూనులో ఆఱవ తరగతి తెలుగు శాఖలో గత సంవత్సరముకంటె ఆఱుగురు ఎక్కువగా చేరిరి. ఇది మా జాబుల ఫలమే యని చెప్పుకొన జాలము. కాని ఆ ఆఱుగురిలో ఇద్దఱి తలిదండ్రులు గోడ కడ నిలిచి జాబులన్నియు చదువుట మేము చూచితిమి.

మా తరువాత ఈ పని చేపట్టు తమ్ములకును చెల్లెండ్రకును మా మనవి యిది. ఆజ్ఞాపంక్తికి భయపడకుడు, అది మంచి సేవకురాలు. కాని పంపుటకు ముందు జాబులనన్నిటిని ఫైలులుగా వ్రాయించి, మొదటివే గాక నడిమివియు తుదివియు తెఱచి చదువుడు. 312 జాబుల తలలు చూచుటకు ఒక గంట చాలును. మేమా గంటను పొదుపు చేసికొంటిమి. పట్టికలో ఒక వరుసను కదల్చునప్పుడు తక్కినవానిని వెంట దీసికొని పొండు. పోయినవారి పేరు ప్రక్కన గుర్తుంచుడు. పేరు మాత్రము తుడిచివేయకుడు. పంపిన ప్రతి జాబునకును చిట్టా యుంచుడు. జాబుల నడుమ పది సెకనులు ఆగుమని యంత్రమునకు మేము నేర్పితిమి. మీట నొక్కుటకు ముందు ఆగుట మాత్రము మేమే నేర్చుకొనవలసి వచ్చెను.

ఇప్పుడు పట్టికలో నాలుగవ వరుస యొకటి చేర్చితిమి. దానికి యంత్రముతో పనిలేదు. ఎవరికి ఏ జాబు వ్రాసితిమో, వారేమి బదులు వ్రాసిరో, అందు మేము చేతితో వ్రాయుచున్నాము. వచ్చు సంవత్సరము మేము ఈ బడి విడిచిపోవుదుము. అప్పుడు ఆ పట్టిక చివర మా నాలుగు పేర్లును చేరును. చదువరులారా, మాకు జాబు వ్రాయునప్పుడు పేర్లు సరిచూచి వ్రాయుడు.